విశ్వవిద్యాలయ ఆంగ్లాధ్యాపకులు సంఘంగా ఏర్పడాలంటే

తెలుగు రాష్ట్రాల విశ్వవిద్యాలయాల్లోని ఆంగ్లశాఖలకు ఒకదాని పని ఇంకొకదానికి పెద్దగా తెలియదు. విశాఖపట్నంలో ఎం.ఏ. సిలబస్ మారిన సంగతి వరంగల్‌లో తెలిసేది, అక్కడి ఆచార్యులెవరైనా సిలబస్‌ను నిర్ణయించే బోర్డ్ ఆఫ్ స్టడీస్ సమావేశానికి బయటి సభ్యులుగా వచ్చినప్పుడే. అనంతపురంలో ఒక పరిశోధక విద్యార్థి ఎంచుకున్న అంశం మీదే నల్గొండలో మరొకరు పనిచేస్తున్నా ఇద్దరికీ ఆ మాట చెప్పేవారుండరు. మనకూ ఒక సంఘం ఉంటే బాగుండునని ప్రతి సదస్సులోనూ చివరి రోజు భోజనాల దగ్గర ఎవరో ఒకరు అంటూనే ఉంటారు. ఆ మాటను పనిలో పెట్టదలచుకున్నవారి కోసం ఈ వ్యాసం. సంఘాన్ని రిజిస్టర్ చేయించడం కష్టమేమీ కాదు. ఒక వార్షిక సదస్సుకూ మరుసటి సదస్సుకూ నడుమ దాన్ని బతికించుకోవడమే కష్టం. నియమావళి రాసుకోవడం, డబ్బు కూడబెట్టడం, పదవులు పంచుకోవడం అన్నీ ఆ నడుమ జరగవలసిన పనిని దృష్టిలో పెట్టుకునే చేయాలని నా నమ్మకం.

కొత్త సంఘం కావాలా?

ఈ ప్రశ్నకు నిజాయితీగా జవాబు చెప్పుకున్నాకే మిగతా పని మొదలుపెట్టాలి. దేశంలో ఆంగ్లాధ్యాపకుల సంఘాలు లేకపోలేదు. చెన్నై కేంద్రంగా 1974లో ఏర్పడిన ఎల్టాయ్, అంటే భారత ఆంగ్లభాషాధ్యాపకుల సంఘం, భాషాబోధన మీద ప్రధానంగా దృష్టి పెట్టి, ఊరూరా శాఖలతో, సొంత పత్రికతో నేటికీ నడుస్తోంది. కామన్వెల్త్ దేశాల సాహిత్యాన్ని చదివేవారి కోసం 1970లలో ఏర్పడిన ఐక్లాల్స్ అనే సంఘం ఏటా సదస్సు జరుపుతుంది. మీకు కావలసింది భాషాబోధనలో తోటివారి సాయం మాత్రమే అయితే, ఎల్టాయ్ సభ్యత్వం తీసుకుని మీ ఊళ్లో ఒక శాఖ పెట్టుకోవడమే తేలిక. దానికి మళ్లీ ఒక రిజిస్ట్రేషన్, ఒక ఆడిట్, ఒక ఎన్నిక అక్కరలేదు.

కొత్త సంఘం అవసరమయ్యేది, ఉన్నవాటిలో దేనికీ పట్టని పని ఒకటి మీ చేతిలో ఉన్నప్పుడే. అమెరికాలో ఆధునిక భాషల సంఘం 1883లో న్యూయార్క్‌లో పుట్టడానికి కారణం, కళాశాలల్లో గ్రీకు, లాటిన్లకున్న గౌరవం ఇంగ్లీషుకూ ఇతర ఆధునిక భాషలకూ దక్కాలన్న పట్టుదల. ఆ దేశంలోనే 1911లో ఆంగ్లాధ్యాపకుల జాతీయ మండలి ఏర్పడింది, కళాశాల ప్రవేశ పరీక్షల కోసం నిర్ణయించిన పుస్తకాల జాబితా ఉన్నత పాఠశాలల చదువును శాసించడం ఉపాధ్యాయులకు నచ్చకపోవడం వల్ల. రెండింటికీ పుట్టుకలోనే చేయవలసిన పని ఉంది.

మనకూ అలాంటి పనికి కొదవ లేదు. 2021-22 విద్యాసంవత్సరం నుంచి ఆంధ్రప్రదేశ్‌లో డిగ్రీ కోర్సులు ఆంగ్ల మాధ్యమంలోకి మారాయి. ఇంటర్ దాకా తెలుగులో చదివి వచ్చిన విద్యార్థి చరిత్రనూ అర్థశాస్త్రాన్నీ ఇంగ్లీషులో రాయవలసి వచ్చినప్పుడు, ఆ భారం ముందుగా పడేది ఇంగ్లీషు తరగతి మీద. దాన్ని ఎలా మోయాలో ఏ ఒక్క శాఖా ఒంటరిగా తేల్చుకోలేదు. సంఘం పెట్టదలచినవారు కూర్చుని, రెండేళ్లలో చేసి చూపదలచిన పనులు మూడింటిని ఒక కాగితం మీద రాయాలి. అందులో మొదటిది "అంతర్జాతీయ సదస్సు" అయితే, ఇంకొంత కాలం ఆగి ఆలోచించుకోవడం మంచిది.

ఎవరెవరు చేరాలి

సంఘం పేరులో సాహిత్యం, భాష అన్న రెండు మాటలూ ఉండాలని నేను గట్టిగా చెబుతాను. విశ్వవిద్యాలయ శాఖల్లో షేక్స్పియర్‌నూ భారతీయ ఆంగ్ల నవలనూ చెప్పేవారు ఒకవైపు, ఇంజనీరింగ్ కళాశాలల్లో లాంగ్వేజ్ ల్యాబ్, కమ్యూనికేషన్ స్కిల్స్ చెప్పేవారు మరొకవైపు ఉండి, ఒకరి పనిని ఒకరు చిన్నచూపు చూడడం మన దగ్గర పాతుకుపోయిన అలవాటు. నిజానికి సాహిత్యం మీద పిహెచ్.డి. చేసినవారిలో ఎందరో ఉద్యోగరీత్యా జీవితమంతా భాషే చెబుతున్నారు. భాషాబోధన చదివినవారికి తరగతిలో చేతికందే మంచి పాఠ్యం సాహిత్యమే. ఈ రెండు వర్గాలనూ ఒకే కప్పు కింద కూర్చోబెట్టలేని సంఘం సగం మందికే పనికివస్తుంది.

విశ్వవిద్యాలయ అధ్యాపకులు అన్నప్పుడు గీత ఎక్కడ గీయాలన్నది రెండో ప్రశ్న. క్యాంపస్ శాఖల్లోని రెగ్యులర్ అధ్యాపకులకే పరిమితమైతే సంఘం చాలా చిన్నదవుతుంది, పైగా ఖాళీలు భర్తీ కాని శాఖల్లో అది ముగ్గురు నలుగురికే పరిమితమవుతుంది. తరగతులను నిజంగా నడుపుతున్న కాంట్రాక్టు అధ్యాపకులకూ, అతిథి అధ్యాపకులకూ, అనుబంధ కళాశాలలవారికీ పూర్తి ఓటుహక్కుతో సభ్యత్వం ఇవ్వాలి. పరిశోధక విద్యార్థులకు తక్కువ రుసుముతో అనుబంధ సభ్యత్వం ఇచ్చి, కార్యవర్గంలో వారికి ఒక స్థానం కేటాయించాలి. రుసుము అందరికీ ఒకటే పెట్టడం పైకి సమానత్వంలా కనిపించినా, గంటల లెక్కన జీతం తీసుకునే అతిథి అధ్యాపకురాలికీ ఆచార్యులకూ అది ఒకే భారం కాదు. జీతం స్థాయిని బట్టి రెండు మూడు తరగతులుగా రుసుము నిర్ణయించడమే న్యాయం.

ఇది వృత్తిసంఘమే తప్ప ఉద్యోగసంఘం కాదన్న సంగతిని కూడా మొదట్లోనే స్పష్టం చేసుకోవాలి. జీతాలు, బదిలీలు, పదోన్నతుల కోసం పోరాడే సంఘాలు వేరే ఉన్నాయి. అయితే ఒక సెక్షన్‌లో ఎంతమంది విద్యార్థులుండాలి, వారానికి ఇంగ్లీషుకు ఎన్ని పీరియడ్లు ఇవ్వాలి అన్నవి బోధనకు సంబంధించిన విషయాలే కాబట్టి, వాటిపై మాట్లాడడానికి వృత్తిసంఘం వెనకాడకూడదు.

ఉద్దేశపత్రం, నియమావళి

ఆంధ్రప్రదేశ్‌లోనైనా, అదే చట్టాన్ని అన్వయించుకున్న తెలంగాణలోనైనా ఇటువంటి సంఘాలు 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదవుతాయి. కనీసం ఏడుగురు సభ్యులు కావాలి. ఆ చట్టం ఒప్పుకునే ప్రయోజనాల్లో సాహిత్యం, సంస్కృతి, విజ్ఞానవ్యాప్తి ఉన్నాయి కనుక అర్హత గురించి సందేహం అక్కరలేదు. ఏడుగురితో మొదలుపెట్టే వీలున్నా, ఆ ఏడుగురూ ఒకే విశ్వవిద్యాలయం వారు కాకుండా చూసుకోవాలి. అలా జరిగితే మిగతావారు దాన్ని ఆ శాఖ సంఘంగానే చూస్తారు, ఆ ముద్ర తర్వాత ఎంత చేసినా పోదు.

వ్యవస్థాపక సమావేశానికి ముందే ఇద్దరు ముగ్గురు కూర్చుని ఉద్దేశపత్రం, నియమావళి చిత్తుప్రతులు తయారుచేసి, వచ్చేవారికి కనీసం వారం ముందు పంపాలి. ఉద్దేశపత్రంలో సంఘం పేరు, కార్యాలయ చిరునామా, ఉద్దేశాలు, తొలి కార్యవర్గ సభ్యుల పేర్లు, చిరునామాలు, వృత్తులు ఉంటాయి. ఉద్దేశాలను కాస్త విశాలంగానే రాయాలి, ఎందుకంటే వాటిని మార్చాలంటే ప్రత్యేక తీర్మానం చేసి మళ్లీ రిజిస్ట్రార్‌కు దాఖలు చేయాలి. ఈనాడు అనువాదం ఆలోచనలో లేకపోవచ్చు, నాలుగేళ్ల తర్వాత తెలుగు కథల ఆంగ్లానువాద సంకలనం తేవాలనిపిస్తే ఆ మాట పత్రంలో ఉండి తీరాలి.

నియమావళిని మాత్రం వేరే సంఘం ప్రతి తెచ్చుకుని పేర్లు మార్చి ముగించేవారే ఎక్కువ. తర్వాతి తగాదాలు చాలావరకు పుట్టేది అక్కడే. వాక్యం వాక్యం చదివి, ఇది జరగకపోతే ఏం చేస్తాం అని ప్రశ్నించుకుంటూ రాయాలి. ఉదాహరణకు కోరం (సమావేశం చెల్లడానికి కావలసిన కనీస హాజరు) గురించిన నియమం ఇలా ఉండవచ్చు: "సర్వసభ్య సమావేశానికి ఓటుహక్కు గల సభ్యుల్లో ఐదోవంతు మంది హాజరు కావాలి. నిర్ణీత సమయానికి కోరం లేనట్లయితే సమావేశాన్ని అరగంట వాయిదా వేసి, అదే స్థలంలో హాజరైన సభ్యులతో జరపవచ్చును. అయితే నియమావళి సవరణ, ఆస్తుల విక్రయం, సంఘం రద్దు అనే అంశాలను అట్టి వాయిదా సమావేశంలో చేపట్టరాదు." ఈ చివరి వాక్యం లేకపోతే, పన్నెండు మంది ఒక సాయంత్రం కూర్చుని సంఘం స్వరూపాన్నే మార్చేయగలరు. అలాగే "ఏ వ్యక్తీ ఒకే పదవిలో వరుసగా రెండు దఫాలకు మించి కొనసాగరాదు" అన్న నియమాన్ని, వ్యవస్థాపకులందరూ స్నేహంగా ఉన్న మొదటి రోజునే రాసుకోవాలి. తర్వాత దాన్ని ప్రతిపాదించిన వారెవరైనా, పదవిలో ఉన్నవారిపై వ్యతిరేకతతోనే చేశారని అనిపించుకుంటారు.

కార్యవర్గం రెండేళ్లకు ఉంటే చాలు. అధ్యక్ష పదవి విశ్వవిద్యాలయాల మధ్య మారుతూ ఉండాలని, కార్యదర్శీ కోశాధికారీ వీలైతే ఒకే ఊరి వారు కావాలని నా సూచన. బ్యాంకు పనికీ, సంతకాలకూ ఆ ఇద్దరూ తరచూ కలవవలసి వస్తుంది. మాజీ ఉపకులపతినో, ప్రఖ్యాత ఆచార్యులనో గౌరవ సలహాదారుగా పెట్టుకోవడం మన ఆనవాయితీ. అది మంచిదే గాని, సలహాదారులకు కార్యవర్గంలో ఓటు లేదని నియమావళిలో రాయాలి.

నియమావళిలో అందరూ మరిచిపోయే అంశం ఒకటుంది. సంఘం ఏడాదిలో తప్పనిసరిగా చేయవలసిన పని ఏమిటో అందులోనే రాయాలి. "సభ్యులున్న ప్రతి జిల్లాలో సంవత్సరానికి కనీసం నాలుగు అధ్యయన సమావేశాలు జరిపి, వాటి నివేదికను సర్వసభ్య సమావేశం ముందుంచాలి" అన్న ఒక్క వాక్యం ఉంటే, పదవుల్లోకి వచ్చే ప్రతి కార్యవర్గమూ దానికి జవాబు చెప్పుకోవాలి.

రిజిస్ట్రేషన్

సమావేశంలో రెండు పత్రాలనూ ఆమోదించి, కార్యవర్గాన్ని ఎన్నుకుని, ఆ తీర్మానాలను మినిట్స్ పుస్తకంలో రాసి హాజరైనవారందరి సంతకాలు తీసుకోవాలి. తర్వాత కార్యాలయం ఏ జిల్లాలో ఉంటే ఆ జిల్లా రిజిస్ట్రార్‌కు దరఖాస్తు చేయాలి. సభ్యుల గుర్తింపుపత్రాలు, కార్యాలయ చిరునామాకు రుజువు, ఆ స్థలం యజమాని అంగీకారపత్రం జతచేయాలి. రిజిస్టరై ఉన్న మరో సంఘం పేరును పోలిన పేరు ఇవ్వరు. ప్రభుత్వ సంస్థ అన్న భ్రమ కలిగించే పేర్లకు 1950 నాటి చిహ్నాలు, పేర్ల చట్టం అడ్డు వస్తుంది. కాబట్టి ఇష్టమైన వరుసలో మూడు పేర్లు సిద్ధం చేసుకోవాలి.

చిరునామా చిన్న విషయంగా కనిపిస్తుంది గాని కాదు. కార్యదర్శి ఇంటి చిరునామా ఇస్తే, ఆయన బదిలీ అయినా పదవీవిరమణ చేసినా నోటీసులన్నీ అక్కడికే పోతుంటాయి. శాఖ చిరునామా వాడుకోవాలంటే విశ్వవిద్యాలయ రిజిస్ట్రార్ లిఖితపూర్వక అనుమతి కావాలి. అది దొరికితే దాన్ని మించినది లేదు. సంఘంలో పదవి స్వీకరిస్తున్నామని మీ సంస్థకు ఒక లేఖ ద్వారా ముందే తెలిపి, సర్వీసు నిబంధనల ప్రకారం అనుమతి అవసరమైతే తీసుకుని, ఆ ప్రతులను సంఘం ఫైలులో ఉంచుకోవాలి.

రిజిస్ట్రేషన్ ఒకసారి చేయించి వదిలేసేది కాదు. ఏటా సర్వసభ్య సమావేశం జరిపి, పదిహేను రోజుల్లోగా కార్యవర్గ సభ్యుల జాబితాను జిల్లా రిజిస్ట్రార్‌కు దాఖలు చేయాలి. ఏళ్ల తరబడి జాబితాలు దాఖలు చేయని సంఘంలో తగవు వచ్చినప్పుడు, అసలు కార్యవర్గం ఎవరిదన్నదే తేలక, మధ్యవర్తిత్వానికో జిల్లా కోర్టుకో వెళ్లవలసి వస్తుంది.

డబ్బు

ధ్రువపత్రం రాగానే సంఘం పేరిట పాన్ తీసుకుని, తీర్మానం ప్రతితో బ్యాంకు ఖాతా తెరవాలి. ముగ్గురికి సంతకాధికారం ఇచ్చి, వారిలో ఎవరైనా ఇద్దరు కలిసి సంతకం చేస్తేనే డబ్బు తీయగలిగేలా పెట్టుకోవాలి. సదస్సు రుసుములు నిర్వాహకుల సొంత ఫోన్‌కు యూపీఐ ద్వారా వేయించుకోవడం ఇప్పుడు ఎక్కడ చూసినా జరుగుతోంది. ఎంత నమ్మకస్తులైనా ఇది వద్దు. ప్రతి రూపాయీ సంఘం ఖాతాలోకే రావాలి, ప్రతిదానికీ రశీదు ఉండాలి.

జీవిత సభ్యత్వ రుసుమును ముట్టుకోకూడదు. మొదటి రెండేళ్లలో అందరూ జీవిత సభ్యులవుతారు, ఆ తర్వాత కొత్తగా చేరేవారు తగ్గిపోతారు, ఖర్చులు మాత్రం ఏటా ఉంటాయి. ఆ మొత్తాన్ని ఫిక్స్‌డ్ డిపాజిట్ చేసి వడ్డీ మాత్రమే వాడుకోవాలని నియమావళిలోనే రాసుకుంటే, పదేళ్ల తర్వాతి కార్యవర్గం మిమ్మల్ని తలచుకుంటుంది. చార్టర్డ్ అకౌంటెంట్‌తో ఏటా ఆడిట్ చేయించి, లెక్కలను సభ్యులందరికీ పంపాలి. ఆదాయపు పన్ను మినహాయింపు రిజిస్ట్రేషన్‌తో పాటు దానంతటదే రాదు, దానికి విడిగా దరఖాస్తు చేయాలి.

అమెరికాలోనో ఇంగ్లండులోనో స్థిరపడిన పూర్వవిద్యార్థులు విరాళమిస్తామని ముందుకు వస్తే సంతోషించాలి గాని, తొందరపడకూడదు. భారత పాస్‌పోర్టు ఉన్న ప్రవాసులు తమ సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపేది విదేశీ విరాళం కిందికి రాదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవారు, విదేశీ పౌరులైన భారత సంతతివారికిచ్చే ఓసీఐ కార్డు ఉన్నవారైనా సరే, ఇచ్చేది విదేశీ విరాళమే. 2010 నాటి విదేశీ విరాళాల చట్టం కింద రిజిస్ట్రేషనో ముందస్తు అనుమతో లేకుండా దాన్ని ముట్టుకోరాదు. అటువంటి దాతలను, డబ్బు బదులు ఆన్‌లైన్‌లో ఒక ఉపన్యాసం ఇమ్మనో, ఒక పరిశోధక విద్యార్థికి దారి చూపమనో అడగడం ఉత్తమం.

ఏడాది పొడవునా చేయవలసిన పని

సంఘానికి ప్రాణం ఇక్కడే ఉంది కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. అధ్యయన సమావేశానికి పది పన్నెండు మంది, ఒక గది, రెండు గంటలు చాలు. బ్యానర్, జ్ఞాపిక, శాలువా అక్కరలేదు.

అలాంటి సమావేశంలో చేయదగిన పని ఒకటి చూడండి. డిగ్రీ రెండో సెమిస్టర్ జవాబుపత్రం నుంచి ఒక వ్యాసరూప సమాధానాన్ని, సంస్థ అనుమతితో, విద్యార్థి పేరూ హాల్ టికెట్ నంబరూ తీసేసి జిరాక్స్ తీయించండి. వచ్చినవారందరికీ తలా ఒకటి ఇచ్చి, ఒకరితో ఒకరు మాట్లాడకుండా పదికి మార్కులు వేయమనండి. తర్వాత అంకెలను బోర్డు మీద రాయండి. ఒకరు మూడు, ఒకరు ఏడు వేసి ఉంటారు. మూడు వేసినవారు "హీ డోంట్ నో" లాంటి వాక్యాలకు ఎర్రసిరాతో గీతలు గీసి ఉంటారు. ఏడు వేసినవారు, ఆ విద్యార్థి కవితలో అసలు విషయాన్ని పట్టుకున్నాడనీ, గైడులో లేని మాట ఒకటి సొంతంగా రాశాడనీ అంటారు. అక్కడినుంచి నడిచే చర్చ ఏ సదస్సులోనూ దొరకదు, ఎందుకంటే సాహిత్యమూ భాషా ఎక్కడ కలుస్తాయన్న ప్రశ్న ఆ ఒక్క కాగితం మీద అందరి ముందూ ఉంటుంది. చర్చ చివర, వ్యాకరణానికి ఎంత, భావానికి ఎంత అని అందరూ ఒప్పుకున్న మార్కుల పద్ధతిని ఒక పేజీలో రాసుకోవాలి. నాలుగు జిల్లాల్లో ఇలా తయారైన పేజీలు కలిపితే, బోర్డ్ ఆఫ్ స్టడీస్ ముందు పెట్టదగిన ప్రతిపాదన సిద్ధమవుతుంది.

మరో నెల ఒక తెలుగు కథను ముగ్గురు విడివిడిగా ఇంగ్లీషులోకి అనువదించి తెచ్చి, మూడింటినీ పక్కపక్కన పెట్టి చదవవచ్చు. రెండు భాషలూ తెలిసిన మనం చేయకపోతే ఈ పని వేరెవరూ చేయరు. మూల రచయిత జీవించి ఉన్నా, మరణించి అరవై ఏళ్లు పూర్తికాకపోయినా, అనువాదాన్ని ప్రచురించే ముందు హక్కుదారుల అనుమతి తప్పనిసరి. ఇంకో నెల, పిహెచ్.డి. మౌఖిక పరీక్షకు సిద్ధమవుతున్న విద్యార్థి తన పనిని అందరి ముందు వినిపించవచ్చు.

పత్రిక పెట్టాలన్న తొందర మాత్రం వద్దు. మొదటి రెండేళ్లు మూడు నెలలకొకసారి నాలుగు పేజీల వార్తాలేఖ చాలు. పరిశోధన పత్రిక తేవాలనుకున్నప్పుడు పత్రికలను గుర్తించే ఐఎస్ఎస్ఎన్ సంఖ్య ఢిల్లీలోని జాతీయ కేంద్రం నుంచి ఉచితంగా వస్తుంది, దానికోసం దళారులకు డబ్బు ఇవ్వనక్కరలేదు. యుజిసి తాను గుర్తించిన పరిశోధన పత్రికల కేర్ జాబితాను 2025 ఫిబ్రవరిలో నిలిపివేసింది కనుక, పత్రిక విలువను ఇకపై దాని పనితీరే నిరూపించాలి. ప్రతి వ్యాసాన్నీ రచయిత పేరు తెలియని ఇద్దరు పరిశీలకులు చదవాలి, తిరస్కరించినప్పుడు కారణం రాసి పంపాలి, ప్రచురణకు రచయిత దగ్గర రుసుము తీసుకోరాదు. డబ్బు తీసుకుని అచ్చువేసే పత్రికలవల్ల మన యువ అధ్యాపకులు ఎంత నష్టపోయారో చూశాక, ఈ విషయంలో ఏ సడలింపునూ నేను ఒప్పుకోలేను.

వార్షిక సదస్సు

సదస్సును సంక్రాంతి సెలవుల తర్వాత, పరీక్షల హడావుడికి ముందు పెట్టుకుంటే అందరికీ వీలవుతుంది. ఏటా ఊరు మార్చాలి. ఒక సెషన్‌లో నాలుగు పత్రాలకు మించకుండా, ఒక్కొక్కరికి పదిహేను నిమిషాలు, చివర అరగంట చర్చ ఉండేలా చూడాలి. పత్రం చదివి, సర్టిఫికెట్ తీసుకుని వెంటనే బస్సెక్కే అలవాటును మాన్పించడానికి ఒక మార్గం ఉంది. సర్టిఫికెట్‌ను సెషన్ పూర్తయ్యాక, తోటివారి పత్రాల చర్చలో కూడా కూర్చున్నవారికే ఇస్తామని ఆహ్వానంలోనే రాయాలి. సర్వసభ్య సమావేశాన్ని మాత్రం ముగింపు రోజు సాయంత్రానికి నెట్టకుండా మొదటి రోజు మధ్యాహ్నమే పెట్టాలి, లేదంటే కోరం దొరకదు.

కార్యవర్గం మారేటప్పుడు

ఎన్నికకు సభ్యుల్లోంచే పోటీలో లేని ఒకరిని ఎన్నికల అధికారిగా నియమించి, ఓటర్ల జాబితాను నెల ముందే ప్రకటించాలి. ఏకగ్రీవం కోసం ఒత్తిడి చేయడం మన సంఘాల్లో మర్యాదగా చలామణి అవుతోంది గాని, పోటీ ఉంటే సభ్యులు సంఘాన్ని తమదిగా భావిస్తారు.

కొత్తవారు ఎన్నికైన రోజునే అప్పగింత జాబితా మీద పాత, కొత్త కార్యదర్శులిద్దరూ సంతకాలు చేయాలి. మినిట్స్ పుస్తకం, సభ్యత్వ రిజిస్టరు, వాడినవీ వాడనివీ రశీదు పుస్తకాలు, చెక్కు పుస్తకం, అసలు రిజిస్ట్రేషన్ ధ్రువపత్రం, పాన్ కార్డు, డిపాజిట్ పత్రాలు, సంఘం ఈమెయిల్ పాస్‌వర్డు ఆ జాబితాలో ఉండాలి. సంఘం ఈమెయిల్ ఖాతా ఒక వ్యక్తి సొంత ఫోన్ నంబరుకు ముడిపడి ఉంటే, ఆ నంబరును అక్కడికక్కడే మార్పించాలి. బ్యాంకులో సంతకాల మార్పుకు తీర్మానం ప్రతి, కొత్త సంతకందార్ల గుర్తింపుపత్రాలు ఇచ్చాక కొన్ని వారాలు పట్టవచ్చు. ఆలోగా చెల్లించవలసిన బిల్లులేవైనా ఉంటే పాత సంతకాలతోనే చెక్కులు రాయించి ఉంచుకుని, రిజిస్ట్రార్‌కు దాఖలు చేయవలసిన కొత్త జాబితాను మాత్రం ఆ పదిహేను రోజుల గడువు దాటకుండా పంపాలి.